అండానికి ధర లేదన్న చట్టం, ధర కట్టిన బజారు

తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చే భక్తుడి చేతికి పైసా రాదు. అది మొక్కు. అదే జుట్టును పొడవును బట్టి వేరుచేసి టీటీడీ ఈ-వేలంలో అమ్ముతుంది, ఏటా కోట్ల రూపాయలు వస్తాయి. ఇచ్చినవాడికి అది సమర్పణ, కొన్నవాడికి సరుకు. ఈ మార్పు ఎక్కడో గోదాములో, తూకం వేసేచోట జరిగిపోతుంది. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. జుట్టు మళ్లీ పెరుగుతుంది, తీసేటప్పుడు నొప్పి ఉండదు, డబ్బు దేవుడి ఖాతాలోకే పోతుంది.

స్త్రీ అండం విషయంలోనూ అచ్చం ఇలాంటి మార్పే జరుగుతోంది. ఈ మూడు ఊరటల్లో మాత్రం ఒక్కటీ అక్కడ పూర్తిగా వర్తించదు.

2025 జులైలో సికింద్రాబాద్‌లోని ఒక సంతాన సాఫల్య కేంద్రం వ్యవహారం బయటపడింది. సరోగసీ బిడ్డ అని నమ్మించి ఒక జంట దగ్గర దాదాపు 35 లక్షల రూపాయలు తీసుకున్నారనీ, డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ఆ బిడ్డకూ వారికీ రక్తసంబంధం లేదని తేలిందనీ పోలీసులు చెప్పారు. మరుసటి నెలలో మేడ్చల్ ప్రాంతంలో ఇంకో కేసు. అండాల సేకరణకు, సరోగసీకి మహిళలను తెచ్చి ఇంట్లో ఉంచారన్న ఆరోపణపై ఒక మహిళనూ ఆమె కొడుకునూ అరెస్టు చేశారు. ఈ వార్తలు వరసగా వచ్చేసరికి ఐవీఎఫ్, సరోగసీ, అండదానం, పిల్లల అమ్మకం అన్నీ జనం నోట ఒకే మాటయ్యాయి. ముందు వాటిని విడదీసుకోవాలి.

ఏది అండదానం, ఏది కాదు

ఐవీఎఫ్ అంటే అండాన్నీ వీర్యకణాన్నీ ప్రయోగశాలలో కలిపి, ఏర్పడిన పిండాన్ని గర్భసంచిలో ప్రవేశపెట్టడం. అండం భార్యది, వీర్యం భర్తది అయితే ఇందులో మూడో మనిషి ప్రమేయం లేదు. భార్య అండాలు పనికిరానప్పుడు మరో స్త్రీ అండం తీసుకుని, భర్త వీర్యంతో కలిపి, పిండాన్ని భార్య గర్భంలోనే పెంచితే అది దాత అండంతో చేసే ఐవీఎఫ్. తొమ్మిది నెలలు మోసేదీ, ప్రసవించేదీ భార్యే. గర్భసంచే లేకపోతేనో, మోయలేని జబ్బు ఉంటేనో పిండాన్ని వేరొక స్త్రీ మోస్తే అది సరోగసీ. సికింద్రాబాద్ కేసులో ఆరోపణ వీటిలో దేనికీ చెందదు. పేద తల్లి కన్న బిడ్డను కొని ఇంకొకరి చేతిలో పెట్టారన్నది నేరుగా శిశువిక్రయం.

అండం అరువు తెచ్చుకోవలసిన అవసరం ఎందుకొస్తుంది? ఎక్కువగా వయసు వల్ల. 35 దాటాక అండాల సంఖ్యా, నాణ్యతా తగ్గుతాయి. 40 దగ్గరపడేసరికి ఆ తగ్గుదల వేగం అందుకుంటుంది. కొందరికి ముప్పైల్లోనే అండాశయాలు చేతులెత్తేస్తాయి. క్యాన్సర్ చికిత్స వల్ల పోగొట్టుకున్నవారు కొందరు. గర్భసంచి మాత్రం అంత తొందరగా ముసలిది కాదు. 2019 సెప్టెంబరులో గుంటూరులో 74 ఏళ్ల మహిళ కవలలకు జన్మనిచ్చిందన్న వార్త దేశమంతా తిరిగింది కదా, అది దాత అండంతోనే సాధ్యమైంది. తర్వాత వచ్చిన చట్టం ఈ చికిత్స పొందే స్త్రీకి 50 ఏళ్లు, పురుషుడికి 55 ఏళ్లు పరిమితి పెట్టింది.

నెలనెలా పోయేదే కదా?

దాత అనుభవాన్ని అర్థం చేసుకోవడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఆమెను పద్మ అందాం. 26 ఏళ్లు, బట్టల దుకాణంలో పని, ఇద్దరు పిల్లలు, చీటీ పాట తాలూకు అప్పు. వీధిలో తెలిసినావిడ వచ్చి, "నొప్పేమీ ఉండదమ్మా, నెలనెలా పోయేదే కదా, అదే ఇస్తున్నావనుకో" అంటుంది.

ఆ వాక్యంలో సగం నిజం ఉంది. ఆడపిల్ల పుట్టేసరికే ఆమె అండాశయాల్లో పది, ఇరవై లక్షల అండకణాలు ఉంటాయి. రజస్వల అయ్యే నాటికి మూడు, నాలుగు లక్షలు మిగులుతాయి. జీవితమంతా కలిపినా విడుదలయ్యేవి నాలుగైదు వందలే. ప్రతి నెలా ఒక గుంపు అండాలు ఎదగడం మొదలుపెడితే, ఒకటే పక్వమై బయటికొస్తుంది, మిగిలినవి కరిగిపోతాయి. దాతకు ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్లు ఆ నెల కరిగిపోవలసినవాటిని బతికిస్తాయి. కాబట్టి అండాలు ఇస్తే నిల్వ త్వరగా అయిపోతుందన్న భయానికి ఆధారం లేదని వైద్యులు చెప్పేది సబబే.

ఆ వీధి ఆవిడ చెప్పని సగం ఇది. నెలనెలా పోయే అండానికి సూది అవసరం లేదు, దీనికి కావాలి. నెలసరి రెండో, మూడో రోజు నుంచి సుమారు పది, పన్నెండు రోజులు పద్మ పొట్ట మీద చర్మం కింద ఇంజెక్షన్ పడుతుంది. రెండు మూడు రోజులకోసారి స్కానింగ్. తెరమీద అండాశయంలో నల్లటి నీటిబుడగలు కనిపిస్తాయి, డాక్టరు ఒక్కోదాన్నీ మిల్లీమీటర్లలో కొలిచి పక్కనున్న నర్సుకు అంకె చెబుతాడు. పద్మకు వినిపించేది ఆ అంకెలే. ఎనిమిదో రోజుకల్లా చీర కుచ్చిళ్ల దగ్గర బిగుతుగా ఉంటుంది, దుకాణంలో పై అరలోని బట్టల తాను అందుకోవాలంటే పొత్తికడుపు లాగుతుంది.

చివరి ఇంజెక్షన్‌కు గడియారం ముఖ్యం. అండాలు పూర్తిగా పక్వమై, వాటంతటవి విడుదల కాకముందే తీయాలంటే ఆ ఇంజెక్షన్‌కూ అండాలు లాగే సూదికీ మధ్య 34 నుంచి 36 గంటలు ఉండాలి. గురువారం ఉదయం 8 గంటలకు అండాలు తీయాలనుకుంటే మంగళవారం రాత్రి 8 గంటల ప్రాంతంలో ఆ మందు పడాలి. దుకాణం మూసేది తొమ్మిదింటికి అని పద్మ చెబితే కుదరదు. గురువారం పరగడుపున వెళ్తుంది, మత్తు ఇస్తారు, యోని మార్గంలో స్కానింగ్ సాయంతో సూది పంపి ఒక్కో బుడగలోని ద్రవాన్నీ లాగుతారు. పావుగంట, ఇరవై నిమిషాల పని. మెలకువ వచ్చేసరికి ఆమె మరో గదిలో ఉంటుంది. అండాలు ఇంకో గదిలో, సూక్ష్మదర్శిని కింద.

చాలామందికి ఒకటి రెండు రోజుల నొప్పి, ఉబ్బరంతో సరిపోతుంది. కొద్దిమందికి అండాశయాలు మందుకు మితిమీరి స్పందిస్తాయి. పొట్టలో నీరు చేరుతుంది, బరువు పెరుగుతుంది, మూత్రం తగ్గుతుంది, ముదిరితే ఆయాసం, రక్తం గడ్డకట్టడం కూడా. ఇది మందుల మోతాదు తగ్గించి, చివరి ఇంజెక్షన్ మార్చి చాలావరకు నివారించగలిగిన ప్రమాదం. ఆ జాగ్రత్త తీసుకునేది ఎవరు, తీసుకోకపోతే అడిగేది ఎవరు అన్నదే సమస్య. 2010లో ముంబైలో 17 ఏళ్ల అమ్మాయి అండాలు ఇచ్చిన రెండు రోజులకే చనిపోయింది. 2014లో ఢిల్లీలో ఒక వివాహిత ఆ ప్రక్రియ తర్వాత ప్రాణం కోల్పోయింది.

ఇరవై ఏళ్ల తర్వాత ఏమవుతుందన్న ప్రశ్నకు గట్టి జవాబు దొరకదు. గర్భం దాల్చిన స్త్రీని ఆసుపత్రి నెలలతరబడి చూస్తుంది. దాతను మాత్రం గురువారం మధ్యాహ్నంతో మరచిపోతుంది. వెంటాడి లెక్క రాసుకుంటేనే కదా తెలిసేది.

2021 చట్టం గీసిన గీతలు

సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం 2021 డిసెంబరులో ఆమోదం పొంది, 2022 జనవరి 25న అమల్లోకి వచ్చింది. అంతకుముందు భారత వైద్య పరిశోధన మండలి 2005లో ఇచ్చిన మార్గదర్శకాలే దిక్కు, వాటికి చట్టబలం లేదు.

కొత్త చట్టం ప్రకారం దాతను వెతికి, పరీక్షించి, అండం సమకూర్చే పని నమోదైన ఏఆర్‌టీ (సహాయక పునరుత్పత్తి సాంకేతికత) బ్యాంకుది. దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. ఏడు అండాలకు మించి తీయకూడదు. ఒక దాత అండాలు ఒకే జంటకు వెళ్లాలి. రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. నియమాలు దాత పేరిట 12 నెలల ఆరోగ్య బీమాను గ్రహీత జంట కొనాలంటాయి. పుట్టిన బిడ్డ చట్టం దృష్టిలో ఆ జంట సొంత బిడ్డే, దాతకు ఏ హక్కూ లేదు. అండాలను, పిండాలను అమ్మడం నేరం. మొదటిసారి 5 నుంచి 10 లక్షల రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే 3 నుంచి 8 ఏళ్ల జైలు, 10 నుంచి 20 లక్షల జరిమానా.

ఇన్ని చెప్పిన చట్టం ఒకచోట మౌనంగా ఉంది. పద్మ పోగొట్టుకున్న కూలికీ, పడ్డ శ్రమకూ పరిహారంగా ఎంత ఇవ్వవచ్చన్న అంకె అందులో లేదు. అమ్మకం కాదంటే మరి చేతికిచ్చే ఆ కవరు ఏమిటి? ప్రయాణ ఖర్చా, కూలి నష్టమా, కానుకా? గీత లేనిచోట గీత దాటామని ఎవరూ ఒప్పుకోరు.

ఏడు, ఒకటి: రెండు అంకెల లెక్క

ఒక దాతకు ఒకే జంట, ఒక్కసారే, ఏడే అండాలు అన్న నియమాలు వినడానికి ముచ్చటగా ఉన్నాయి. వాటి ఉద్దేశం కూడా మంచిదే. ఎక్కువ అండాల కోసం ఎక్కువ మందు ఎక్కించే దురాశకు కళ్లెం వేయాలి, ఒకే స్త్రీ ఊరూరా తిరిగి ఇచ్చే పరిస్థితి పోవాలి. లెక్క వేసి చూస్తే దీని రెండో ముఖం కనిపిస్తుంది.

ఒక దాతకు 14 అండాలు వచ్చాయనుకుందాం. ఆ వయసులో అది వింత కాదు. పాత పద్ధతిలో రెండు జంటలకు చెరి ఏడు పంచేవారు. పది జంటలకు అయిదుగురు దాతలు సరిపోయేవారు. ఇప్పుడు పది జంటలకు పదిమంది కావాలి. సగం జంటలకు మొదటి ప్రయత్నం ఫలించలేదనుకుంటే, ఒకసారి ఇచ్చినవారు మళ్లీ ఇవ్వకూడదు కనుక ఇంకో అయిదుగురు కొత్తవారు కావాలి. మొత్తం 15 మంది. ప్రతి ఒక్కరూ ఎప్పుడూ ఇవ్వనివారే అయి ఉండాలి.

ఏడు అండాలు కూడా ఏడు పిండాలు కావు. అయిదు పక్వమైనవి ఉంటే, నాలుగు ఫలదీకరణ చెందితే, అయిదో రోజు వరకు ఎదిగేవి ఒకటో రెండో. పైగా అండాశయానికి చట్టం చదవడం రాదు, తక్కువ మోతాదు ఇచ్చినా ఒకరికి అయిదు వస్తాయి, ఇంకొకరికి పన్నెండు. ఎనిమిదోదాన్ని వదిలేయాలా అని వైద్యులు అడుగుతున్నారు. దాతల పక్షాన ఉన్నవారి జవాబు: తక్కువ మందు, తక్కువ ప్రమాదం. గ్రహీత విజయావకాశం కోసం దాత ఒంటిని పెంచిన మోతాదుకు అప్పగించకూడదు. రెండు వాదనల్లోనూ బలం ఉంది. నాకు మాత్రం మొదటి లెక్కే ఎక్కువ గుచ్చుకుంటుంది. ఒక్కొక్క స్త్రీని కాపాడేందుకు పెట్టిన నియమం, ఎప్పుడూ కొత్త స్త్రీని వెతుకుతూనే ఉండవలసిన బజారును తయారుచేసింది. అలా వెతకడానికి ఎవరో ఒకరు వీధుల్లోకి వెళ్లాలి.

మధ్యలో నిలబడేది ఎవరు

మేడ్చల్ కేసులో ప్రధాన నిందితురాలు గతంలో తానే అండదాతగా, సరోగేట్‌గా ఉందని పోలీసులు చెప్పారు. ఇందులో ఆశ్చర్యం లేదు. ఏ కేంద్రంలో ఎవరు అడుగుతారో, ఏ పరీక్షలు చేస్తారో, ఎక్కడ సంతకం పెట్టాలో తెలిసింది ఆమెకే. పక్కింటి ఆవిడను ఒప్పించగలిగేదీ ఆమే. "నేనూ చేయించుకున్నాను, ఏమైంది నాకు?" అన్న ఒక్క మాట ఏ సమ్మతి పత్రం కన్నా బలంగా పనిచేస్తుంది.

2022లో తమిళనాడులోని ఈరోడ్‌లో బయటపడిన కేసు మరీ ఘోరం. 16 ఏళ్ల బాలికను కన్నతల్లే, తన సహచరుడితో కలిసి, పలుమార్లు అండాలు ఇప్పించింది. వయసు దాచడానికి నకిలీ ఆధార్. ఒక్కో విడతకు తల్లికి 20 వేల రూపాయలు, మధ్యవర్తికి 5 వేలు అందాయని అప్పట్లో వార్తలొచ్చాయి. విచారణలో తిరుపతిలోని ఒక ఆసుపత్రి కూడా ఉంది. జీవితంలో ఒక్కసారే అన్న నియమం నిలబడాలంటే ఈరోడ్‌లో ఇచ్చినమ్మాయి తిరుపతిలో కనబడగానే కంప్యూటర్ పట్టేయాలి. ఒక కార్డు మీద వేరే పుట్టినతేదీ అచ్చు వేయించడం కష్టం కాని చోట ఆ కంప్యూటర్‌కు దొరికేది ఏముంటుంది?

దేనికి డబ్బు: అండానికా, రోజులకా?

నైతిక చర్చ మొత్తం ఈ ప్రశ్న దగ్గర చిక్కుపడి ఉంది.

డబ్బు వద్దనేవారు రక్తాన్ని చూపిస్తారు. సుప్రీంకోర్టు 1996 తీర్పు తర్వాత 1998 జనవరి 1 నుంచి దేశంలో డబ్బుకు రక్తం ఇచ్చే పద్ధతి ఆగిపోయింది. అవయవాల అమ్మకాన్ని 1994 చట్టం నిషేధించింది. అప్పుల్లో ఉన్న మనిషి ముందు నోట్లకట్ట పెట్టి సమ్మతి అడిగితే, ఆ సమ్మతి ఇచ్చేది ఆమె కాదు, అప్పు అంటారు వీరు. పేదరాలు ప్రమాదం గురించి వినే ముందే ఇచ్చే డబ్బు గురించి వింటుంది.

ఇవ్వాలనేవారు అదే గదిలో ఉన్న మిగతావారిని చూపిస్తారు. డాక్టరుకు ఫీజు, మత్తు డాక్టరుకు ఫీజు, ప్రయోగశాలకు బిల్లు, బ్యాంకుకు రుసుము, మధ్యవర్తికి కమీషన్. బల్లమీద పడుకున్న ఒక్కతే త్యాగం చేయాలి. రక్తం ఇచ్చేవాడు బిస్కెట్టు తిని గంటలో ఇంటికి పోతాడు, పద్మ రెండు వారాలు తిరుగుతుంది. ఆమె శ్రమను దానం అని పిలిచినంత మాత్రాన దోపిడీ పోదు, రసీదు లేని దోపిడీ అవుతుంది అంతే.

ఈ రెంటి మధ్య దారి ఉందా? ఇద్దరు దాతలను ఊహించండి. ఇద్దరికీ పన్నెండు రోజుల ఇంజెక్షన్లు, అయిదు స్కానింగులు, ఒక మత్తు. ఒకరికి ఏడు అండాలు, ఇంకొకరికి మూడు. మొదటామెకు ఎక్కువ ఇస్తే కొన్నది అండం. ఇద్దరికీ సమానంగా ఇస్తే చెల్లించింది రోజులకూ, ఓర్చుకున్న ప్రమాదానికీ. అమెరికాలోని సంతాన సాఫల్య వైద్యుల సంఘం నీతి సూత్రాలు ఈ రెండో పద్ధతినే చెబుతాయి, అండాల సంఖ్యను బట్టి మొత్తం మారకూడదంటాయి. ఆచరణ వేరే కథ. 1999లో అక్కడి పేరున్న విశ్వవిద్యాలయాల విద్యార్థి పత్రికల్లో 50 వేల డాలర్ల ప్రకటన వచ్చింది: అయిదడుగుల పది అంగుళాల ఎత్తు, ప్రవేశ పరీక్షలో 1400 మార్కులు ఉన్న అమ్మాయి కావాలని. పెళ్లిచూపుల ప్రకటనలు చదివి పెరిగిన మనకు అది మరీ కొత్తగా అనిపించదు. ఆ సంఘం 2000లో 10 వేల డాలర్లు దాటితే సముచితం కాదంది. దాతలే 2011లో కోర్టుకెళ్లి, ఇది మా ధరను కట్టడి చేసే కుమ్మక్కు అన్నారు. 2016లో రాజీ కుదిరి ఆ అంకె మాయమైంది.

బ్రిటన్‌లో పరిహారం ఎంతో ప్రభుత్వ సంస్థే నిర్ణయిస్తుంది. 750 పౌండ్లుగా ఉన్నదాన్ని 2024 అక్టోబరులో దాదాపు 985కు పెంచింది. స్పెయిన్‌లో పరిహారం ఉంది, దాత పేరు రహస్యం, యూరప్‌లోని జంటలు అక్కడికే వెళ్తాయి. జర్మనీలో 1990 నాటి పిండ సంరక్షణ చట్టం కింద అండదానమే నిషిద్ధం, అక్కడివారూ పొరుగు దేశాలకు వెళ్తారు. ఏ దేశం తలుపు మూసినా అవసరం సరిహద్దు దాటుతూనే ఉంది.

అమ్మ పోలికే అన్నప్పుడు

ఇవతల గ్రహీత స్త్రీ ఉంది. ఏళ్ల తరబడి పేరంటాల్లో, సీమంతాల్లో "ఇంకా ఏమీ లేదా?" అన్న మాట విని విని ఆమె ఈ గడప తొక్కుతుంది. దాత అండం అనగానే మొదట వచ్చే సందేహం: అప్పుడు బిడ్డ నాదేనా? జన్యువులు తనవి కావు, నిజమే. రక్తం, తొమ్మిది నెలలు, ప్రసవం, పాలు తనవి. నామకరణం రోజు ఎవరో పెద్దావిడ ఉయ్యాలలోకి వంగి "అచ్చం అమ్మ ముక్కే" అంటుంది. ఆమె నవ్వి ఊరుకుంటుంది. ఆ నవ్వు వెనకున్నది ఇంట్లో ఇద్దరికే తెలుసు, ఒక్కోసారి అత్తగారికి కూడా తెలియదు.

దాత సొంత మనిషైతే చిక్కు ఇంకో రకం. 2024 ఆగస్టులో బాంబే హైకోర్టు ముందుకు వచ్చిన కేసులో భార్యకు చెల్లెలు అండాలిచ్చింది, సరోగసీ ద్వారా 2019లో కవలలు పుట్టారు. ఒక ప్రమాదంలో చెల్లెలు తన భర్తనూ కూతురినీ పోగొట్టుకుంది. తర్వాత అక్క భర్త పిల్లలను తీసుకుని వేరు కాపురం పెట్టాడు, చెల్లెలు అక్కడికే చేరింది. అతను అండమిచ్చిన మరదలే అసలు తల్లి అని వాదించాడు. ఆ ఒప్పందం 2018 నాటిది కాబట్టి కోర్టు 2005 మార్గదర్శకాలను చూసి, అండం ఇచ్చినంత మాత్రాన తల్లి హక్కు రాదని చెప్పి, భార్యకు పిల్లలను కలిసే అవకాశం ఇచ్చింది. చెల్లెలు ఇచ్చింది అండాన్ని, అక్క కోరుకున్నది బిడ్డలను.

అడగని మూడో పక్షం

ఇంతవరకు మాట్లాడింది ఇచ్చేవారి గురించి, పుచ్చుకునేవారి గురించి. పుట్టే బిడ్డ ఏ పత్రం మీదా సంతకం పెట్టదు. 2005 ఏప్రిల్ నుంచి బ్రిటన్‌లో దాత పేరు శాశ్వత రహస్యం కాదు. ఆ తేదీ తర్వాత నమోదైన దాతల పిల్లలు 18 ఏళ్లు నిండాక దాత ఎవరో తెలుసుకోవచ్చు. రహస్యం పోతే దాతలు ముందుకు రారని స్పెయిన్ పద్ధతిని మెచ్చేవారు అంటారు. తన జన్యువుల కథ తెలుసుకునే హక్కును పుట్టకముందే ఇతరులు రాసిచ్చేయడం ఏమిటని పెరిగి పెద్దయిన పిల్లలు అడుగుతున్నారు. ఇంటికి తెప్పించుకుని చేసుకునే డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక, రహస్యం చట్టంలో ఉన్నా లాలాజలంలో లేదు.

మన చట్టం రహస్యం వైపు నిలబడింది. వివరాలు జాతీయ రిజిస్ట్రీకి తప్ప బయటికి వెళ్లాలంటే వైద్య అత్యవసరంలో ఆ జంట అడగాలి, లేదా కోర్టు ఉత్తర్వు ఇవ్వాలి. రికార్డులను కనీసం పదేళ్లు భద్రపరచి, తర్వాత జాతీయ రిజిస్ట్రీకి అప్పగించాలి. చట్టం వచ్చాక దాత అండంతో పుట్టిన తొలి పిల్లలకు 2040, 41 ప్రాంతంలో 18 నిండుతాయి. అప్పటికి వారి కాగితాలు ఢిల్లీకి చేరి ఉంటాయి, చట్టం చెప్పినట్టే అన్నీ జరిగితే. వాటిలో పద్మ పేరు ఉంటుంది, వయసు, రక్తవర్గం, తీసిన అండాల సంఖ్య ఉంటాయి. ఆమె చేతికి ముట్టిన మొత్తం ఉండదు, ఎందుకంటే అలాంటి మొత్తం ఏదీ ఉండకూడదు.